ఏడో ప్రశ్నలో ముడుపు

తెల్లవారకముందే లేచి, మొహం కడుక్కుని, నుదుట చిటికెడు సిందూరం పెట్టుకుని, ముత్యం కూలీల క్యాంపు గేటు పక్కనున్న పనిముట్ల గది గడప మీద కూర్చునేవాడు. ఒళ్ళో గోనెగుడ్డ, దాని మీద రంపం. చేతిరంపం కాదు. పెట్రోలు పోసి తాడు లాగితే గుర్రుమని లేచే గొలుసు రంపం. ఆ గొలుసుకు ముప్పై ఆరు పళ్ళు. సన్నటి గుండ్రని ఆకురాయి తీసుకుని ఒక్కో పన్నును మూడేసి సార్లు సాన పడుతూ, పన్నుకొక్కసారి ‘శ్రీరామ’ అనుకునేవాడు. సగం పళ్ళు కుడికి తిరిగి ఉంటాయి, సగం ఎడమకు. కుడివైపువన్నీ ముగించి, రంపం తిప్పి పెట్టుకుని, ఎడమవైపువి మొదలుపెట్టేవాడు. కంపెనీ బస్సు వచ్చి హారన్ కొట్టేసరికి రంపమూ సిద్ధం, జపమూ పూర్తి.

“పంతులూ, జపం అయ్యిందా?” అంటూ మారుతి చాయ్ గ్లాసు తెచ్చి పక్కన పెట్టేవాడు. మారుతిది ఆర్మూరు దిక్కు. ఇద్దరిదీ ఒకే గది. “ఎన్ని పండ్లుంటే అన్నిసార్లు రాముడా? నా నోట్లె ముప్పై రెండే ఉన్నయి. అందుకే నాకు పున్నెం తక్కువ.”

“నీకు ముప్పయ్యే. రెండు పోయినేడు పీకిచ్చుకున్నవ్ గద.”

ప్రతి పొద్దూ అవే మాటలు. ఒక్కనాడు అనకపోతే ఇద్దరికీ ఏదో వెలితి. చాయ్ మాత్రం ఏనాడూ తప్పలేదు. ఖతార్‌లో గడిపిన పందొమ్మిదేళ్ళలో తనకు దొరికిన మంచిలో ఆ గ్లాసు చాయ్ ఒకటని ముత్యం తరచూ అనుకునేవాడు.

ముత్యంది జగిత్యాల జిల్లా, మెట్‌పల్లికి దగ్గరి పల్లె. ఏడో తరగతి దాకా ఊరి బడిలో చదివాడు. చదివింది ఏడే అయినా చేతిరాత ముత్యమంత గుండ్రంగా ఉండేది. బళ్ళో పంతులు పలకల మీద తేదీ అతని చేతే రాయించేవాడు. ఖతార్‌కు వచ్చి ఒక తోటల కంపెనీలో చేరాడు. రోడ్ల పక్కన ఖర్జూరపు చెట్లకు ఎండుమట్టలు కోయడం, గాలికి పడిన చెట్లను ముక్కలు చేయడం అతని పని. ఇంటి దగ్గర భార్య గంగాబాయి మాత్రం “మా ఆయన దుబాయిల చెట్లు కొడుతడు” అని చెప్పుకుంటుంది. “దుబాయి కాదే, ఖతార్” అని అతను ఎన్నిసార్లు దిద్దినా, “ఏదైతేంది, విమానం ఎక్కుడే గద!” అంటుంది.

అంత కాలం రంపం పట్టినా ముత్యం ఒంటి మీద గాటు లేదు. ఒక్కసారి మాత్రం పక్కవాడి రక్తం చూశాడు. పదేళ్ళ కిందటి మాట. మారుతి పడిపోయిన చెట్టు కొమ్మ కోస్తుండగా, రంపం కొన, దాని ముక్కు పైభాగం, వెనకున్న ఇంకో కొమ్మకు తగిలింది. తగలడమే, రంపం గుర్రం వెనక్కి తన్నినట్టు ఎగిరి వాడి మొహం మీదికి వచ్చింది. చెంప తెగింది. కన్ను వేలెడు దూరంలో తప్పిపోయింది. ఆస్పత్రి వరండాలో నిలబడి ముత్యం తన పసుపుపచ్చ తువ్వాలు అంచు చింపి, జేబులో ఉన్న రూపాయి బిళ్ళను అందులో మూటగట్టి, కొండగట్టు అంజన్నకు ముడుపు కట్టాడు. కన్ను దక్కింది. సెలవు మీద ఊరికి పోయినప్పుడు గుట్ట ఎక్కి ముడుపు చెల్లించి వచ్చాడు. ఆనాటి నుంచి కొత్తగా రంపం పట్టిన ప్రతివాడికీ మొదట చెప్పే మాట ఒకటే. “ముక్కుతోని కొయ్యకు. తంతది.”

ఇక ఆ శుక్రవారాల సంగతి.

నాలుగేళ్ళ కింద ఒక వేసవిలో, అల్ అజీజియా అనే పేటలో ఇళ్ళ మధ్య రోడ్డు మీద ముత్యం వాళ్ళు మట్టలు కోస్తున్నారు. పొద్దున తొమ్మిదికే నిప్పులు చెరుగుతోంది. ఎదురింట్లోంచి ఒకావిడ గొడుగు వేసుకుని వచ్చి, ఉప్పూ కరివేపాకూ వేసిన మజ్జిగ అందరికీ ఇచ్చింది. ఇచ్చింది కాగితం కప్పుల్లో కాదు, ఇంట్లో తాగే స్టీలు గ్లాసుల్లో. తాగాక ముత్యం గ్లాసు కడగబోతే లాక్కుంది. “అది నా పని నాయనా, నీ పని నువ్వు చేసుకో” అంది. ఆవిడే వేదవతి. భర్త రామమోహన్ ఒక పెద్ద కంపెనీలో లెక్కల తనిఖీ అధికారి. ఇద్దరిదీ గుంటూరు వైపు. ఆ గ్లాసు ముత్యం మనసులో నిలిచిపోయింది. “అమ్మా, మీకేమన్న పనుంటె చెప్పుండ్రి” అన్నాడు.

పని ఉంది. షమాల్ రోడ్డులో నలభై నిమిషాలు పోతే ఒక పల్లపు నేల వస్తుంది. వానాకాలంలో నాలుగు చుక్కలు నిలిచే చోటు. అక్కడ రేగుచెట్లు ఉన్నాయి. అరబ్బులు సిదర్ అంటారు. వాటి మధ్య నుంచి ఒక కాలిబాట. చలికాలంలో పిల్లాపాపలతో నడవడానికి తెలుగువాళ్ళు కొందరు ఆ బాటను బాగుచేసే పని తలకెత్తుకున్నారు. అనుమతి తీసుకుని, శుక్రవారం శుక్రవారం పోయి చెత్త ఏరతారు, రాళ్ళు పక్కకు నెడతారు. సర్కారుతుమ్మ మాత్రం వాళ్ళ చేత కావడం లేదు. మన ఊళ్ళలో చెరువులనూ చేన్లనూ మింగే ఆ తుమ్మే ఇక్కడా రేగుచెట్ల గొంతు పట్టుకుని ఉంది.

ముత్యం తనకున్న ఒక్క సెలవు రోజునూ ఆ బాటకు ఇచ్చాడు. ఎవరూ అడగలేదు, కూలీ లేదు. “రోడ్డు మీద నేను కోసేది రేపు మల్ల మొలుస్తది. ఇక్కడ ఒక తుమ్మ పోతె ఒక రేగు బతుకుతది, కండ్లకు కనబడుతది” అనేవాడు. నాలుగేళ్ళలో నలభై రేగుచెట్లకు ఊపిరాడింది. రామమోహన్ ప్రతి శుక్రవారం క్యాంపులుండే సనయ్యకు స్వయంగా కారు తెచ్చి, ముందు తలుపు తీసి, “ముందు కూర్చోవయ్యా” అనేవాడు. అది చిన్న మర్యాద కాదు.

ఈ ఏడు కొత్త నిబంధన వచ్చింది. శిక్షణ పొంది, పరీక్ష రాసి, కార్డు తెచ్చుకున్నవాళ్ళే బాట మీద గొలుసు రంపం పట్టాలి. మంచి నిబంధనే. మారుతి చెంప చూసినవాడెవడూ కాదనడు. ముత్యం కంపెనీలోనూ అదే మాట. వచ్చే నెల ఒకటి నుంచి కార్డు లేనివాడికి రంపం లేదు, చీపురు పట్టుకుని ఆకులూడ్చాలి. అంటే ఆ కార్డు వస్తే ముత్యం ముత్యమే. రాకపోతే పందొమ్మిదేళ్ళ చేతిపని ఆనాటితో సరి.

“పరీక్ష ఇంగ్లీషులో ఉంటుందట. నువ్వేం బెంగపడకు, పేపరు నేను తెలుగులో రాసిస్తాను” అన్నాడు రామమోహన్. రెండు సాయంత్రాలు కూర్చుని ఇరవై ప్రశ్నలూ తెలుగు చేసి, శిక్షణ కేంద్రానికి పంపాడు. ముత్యం క్యాంపులోని ఇంకో పదకొండు మంది తెలుగువాళ్ళకూ మరుసటి వారం అదే పేపరు. ఎంత మంచి మనిషి అనుకున్నాడు ముత్యం. నిజంగా మంచి మనిషే.

శిక్షణ ఇచ్చే ముఖీత్ హైదరాబాదీ. మొదటి రోజు చేతిపని పరీక్ష. ముత్యం రంపం నేల మీద పెట్టి, కాలితో తొక్కి, తాడు ఒక్కసారి లాగి, పడే చెట్టుకు దారి చూసుకుని, తాను తప్పుకునే దారి చూసుకుని, గాటు పెట్టి, వెనక నుంచి కోసి, గీత గీసినట్టు పడగొట్టాడు. ముఖీత్ టోపీ తీసి తల గోక్కున్నాడు.

“ఇంజన్ ఆపు మియా. నీకు నేనేం నేర్పాలె? నువ్వే వచ్చి నాకు నేర్పు!”

రెండో రోజు రాత పరీక్ష. ఆరు ప్రశ్నల దాకా సాఫీగా సాగింది. హెల్మెట్, బూట్లు, పెట్రోలు ఎక్కడ పోయాలి, అన్నీ తెలిసినవే. ఏడు, ఎనిమిది ప్రశ్నల పక్కన నక్షత్రం గుర్తు ఉంది. అవి తప్పితే మిగతావన్నీ ఒప్పైనా లాభం లేదు.

ఏడు: ‘ముడుపు అనగానేమి? అది ఏ సందర్భంలో సంభవిస్తుంది?’

ఎనిమిది: ‘ముడుపు బారిన పడకుండా మీరు తీసుకునే జాగ్రత్తలు రాయండి.’

ముత్యం రెండుసార్లు చదివాడు. రంపం పరీక్షలో ముడుపేమిటి అని ఒక క్షణం అనుమానం వచ్చింది. మరుక్షణం మనసు మెత్తబడింది. పనికి ముందు దేవుణ్ణి తలుచుకుంటావా అని అడుగుతున్నారన్న మాట. అడిగేవాడు తురకాయన అయినా మనసున్నవాడు, మన దేవుడి మాట కూడా పేపర్లో పెట్టించాడు అనుకున్నాడు. పెన్ను కళ్ళకద్దుకుని, గుండ్రటి అక్షరాలతో రాశాడు. ముడుపు అనగా దేవునికి మొక్కుకొని పసుపు బట్టలో కట్టునది అని. కష్టము వచ్చినప్పుడు సంభవించును అని. ఎప్పుడు కట్టాడో కూడా రాశాడు. మారుతి చెంప తెగడం, రంపం ముక్కు పైభాగం వెనక కొమ్మకు తగలడం, తగిలితే రంపం మొహం మీదికి ఎలా తంతుందో, తన్నకుండా కాళ్ళెట్లా పెట్టాలో, ఎడమ బొటనవేలు పిడి కిందినుంచి ఎట్లా చుట్టి పట్టుకోవాలో, గొలుసు ఆపే అడ్డుబద్ద ఎట్లా సరిచూసుకోవాలో, పేజీ నిండా రాశాడు. ఎనిమిదో ప్రశ్నకు, ముడుపు బారిన పడుట అని ఉండదు, కట్టిన ముడుపును మరువరాదు, పై పేజీలో రాసిన జాగ్రత్తలు తీసుకొనవలెను అని రాసి ముగించాడు.

ఫలితాలు సోమవారం వచ్చాయి. బాటకు వచ్చే గుంపులో ఇంగ్లీషు పేపరు రాసిన ఆరుగురూ పాస్. ముత్యం ఫెయిల్.

అంతవరకే అయితే అతను మళ్ళీ రాస్తానని ఊరుకునేవాడేమో. అదే రోజు మధ్యాహ్నం, కాయలు రాలిన ఖర్జూరపు చెట్టు కింద అన్నం డబ్బా విప్పి కూర్చుని ఫోను చూశాడు. బాట బాగుచేసేవాళ్ళకు ఒక వాట్సాప్ గుంపు ఉంది, ‘శుక్రవారం దారి’ అని. అందులో ఒక ఫొటో. తన చేతిరాత. ‘ముడుపు అనగా దేవునికి మొక్కుకొని’ అన్న మొదటి రెండు వరుసల దాకే కత్తిరించి పెట్టారు. పెట్టింది బాబీ, పాతికేళ్ళ ఇంజనీరు, బాటకు వచ్చేవాళ్ళలో చిన్నవాడు. ముఖీత్‌కు తెలుగు చదవడం రాదు గనక, ముత్యం పేపరు చదివి చెప్పింది కూడా వాడే. ఫొటో కింద రాశాడు: ‘సేఫ్టీ అంటే ఇదీ. రంపం అంజన్న చూసుకుంటాడు.’

దాని కింద నవ్వే బొమ్మలు బారుగా. ‘హెల్మెట్ బదులు కొబ్బరికాయ పెట్టుకుంటాడేమో’ అని ఒకరు. ‘చెట్టు కొట్టేముందు పొర్లుదండాలు’ అని ఇంకొకరు. ఆ గుంపులో ముత్యం కూడా ఉన్నాడని ఒక్కరికీ గుర్తు లేదు. చిట్టచివర రామమోహన్ రాశాడు: ‘పాపం అమాయకుడు. మనసు మంచిది.’

అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. మిగతావాళ్ళ నవ్వులు ముల్లులా గుచ్చితే, ఆ ‘పాపం’ తుమ్మముల్లై లోపల విరిగింది.

“ఏంది, మొఖం గట్ల పెట్టినవ్?” అని మారుతి ఫోను లాక్కుని చూశాడు. వాడి చెంప మీది మచ్చ ఎర్రబడింది. “వీళ్ళ… నా ముడుపు గురించి నవ్వుతున్నరా? కన్ను పోతుండె నాది! ఫోన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి, నేను మాట్లాడుత.”

“వద్దు. నేనే మాట్లాడుత. మొఖం మీదనే మాట్లాడుత.”

మరునాటి నుంచి పొద్దున్నే గడప మీద కూర్చుంటే రామనామం నోటికి రాలేదు. పళ్ళ మధ్య ఆకురాయి కీచుమంది. కోపంతో సాన పట్టకూడదని తెలిసినవాడు గనక, రంపం పక్కన పెట్టేశాడు.

శుక్రవారం కారు వచ్చింది. రామమోహన్ ఎప్పటిలాగే ముందు తలుపు తీశాడు. “రావయ్యా ముత్యం. ఈసారి కాకపోతే ఇంకోసారి, దానికేముంది.”

“ముందట కార్డు ఉన్నోళ్ళు కూసుంటరు సార్. నేను ఎనక కూసుంట.”

వెనక సీట్లో పక్కనే ఉన్న వేదవతి తిరిగి చూసింది. ఆవిడకు వాట్సాప్ చూసే అలవాటు లేదు. “ఏమైంది నాయనా?” అంది. ముత్యం కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆమె మీద అతనికి కోపం లేదు. ఉన్న కోపం ఆమె మీద పడకూడదనుకున్నాడు.

బాట దగ్గర గుంపుకు చెందిన హెల్మెట్‌నూ ఆకురాళ్ళ డబ్బానూ అప్పగించి, ఒక రాయి మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా ఒక ముసలి రేగు, దాన్ని చుట్టేసిన తుమ్మ. మిగతావాళ్ళతో ముందే వచ్చిన బాబీ రంపం నేల మీద పెట్టి తాడు లాగాడు. లాగాడు, లాగాడు. రంపం దగ్గి ఊరుకుంది. పెట్రోలు వాసన గుప్పుమంది.

“బాబాయ్, ఎందుకు స్టార్ట్ కావట్లేదిది?”

“కార్డును అడుగు బిడ్డా.”

“అదేంటి బాబాయ్, అలా అంటావు!”

“మల్లెట్లంట? నాకు కార్డు లేదు. చెయ్యి పెట్టద్దన్నరు. నోరు గూడ పెట్టద్దేమో, నాకేం తెల్సు? అమాయకుణ్ణి.”

చివరి మాటకు రామమోహన్ తలెత్తి చూశాడు. ఏదో అర్థమైనట్టూ కానట్టూ నిలబడ్డాడు.

కాసేపటికి రంపం లేచింది. అందరూ దూరంగా జరిగారు. బాబీకి హెల్మెట్ ఉంది, కాళ్ళకు తొడుగులున్నాయి, చెవులకు మూతలున్నాయి, అన్నీ కొత్తవే. తుమ్మ కొమ్మల గుబురులోకి, కొన ముందుపెట్టి, ఈటె పొడిచినట్టు రంపాన్ని దూర్చాడు.

ముత్యం రంపం పని గురించి నోరు తెరవకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చినవాడు. ఆ కొన వెనక ఇంకో కొమ్మ ఉండడం చూశాడు. రంపం పట్టిన చెయ్యి తిన్నగా, తల రంపం మీదికి వంగి ఉండడం చూశాడు. మారుతి చెంప కళ్ళ ముందుకు వచ్చింది. కోపం కోపంగానే ఉంది, కాళ్ళు మాత్రం లేచాయి. వెనక నుంచి పోకూడదు. తిరిగితే ఇద్దరికీ ప్రమాదం. వాడి కంటికి కనబడేలా దూరంగా పక్క నుంచి చుట్టు తిరిగి ముందుకు వచ్చి, ఎర్ర తువ్వాలు రెండు చేతులతో పట్టి ఊపాడు.

“ఆపు! ఇంజన్ ఆపు!”

బాబీ ఆపాడు. చెవి మూతలు తీసి, “ఏమైంది బాబాయ్?” అన్నాడు.

“ముక్కుతోని కోస్తున్నవ్! ఆ ఎనక కొమ్మకు ముక్కు పైభాగం తగిలినాదంటె తంతది. నీ మొఖం మీదికే ఒస్తది. నీకెవ్వలు జెప్పలేదా?”

“చెప్పారు. అదే కిక్‌బ్యాక్ కదా. ఏడో ప్రశ్న. నాకు రైటే వచ్చింది.”

“కాగితానికి తెల్సింది. చేతికి తెల్వదా?” అని అరిచి, అంతలోనే ఆగిపోయాడు ముత్యం. “ఏందన్నవ్? ఏడో ప్రశ్న ఇదా? రంపం తన్నుడా?”

“అవును బాబాయ్. కిక్‌బ్యాక్ అంటే ఏమిటి, ఎప్పుడు జరుగుతుంది…”

“నా దాంట్ల ముడుపు అని ఉన్నది.”

రాకూడని సమయంలో బాబీకి కిసుక్కున నవ్వు వచ్చింది. వెంటనే నోరు మూసుకున్నాడు గానీ ఆలస్యమైంది.

“నవ్వు. మంచిగ నవ్వు. గుంపుల సాలలేదా? నేను గూడ ఉన్న ఆ గుంపుల. పెట్టినోళ్ళకు యాదికి లేదు. అన్ని సదివిన. కొబ్బరికాయ సదివిన, పొర్లుదండాలు సదివిన.” రామమోహన్ వైపు తిరిగాడు. “పాపం గూడ సదివిన సార్.”

రామమోహన్ ఒక అడుగు ముందుకు వేశాడు. “ముత్యం, అది… కిక్‌బ్యాక్ అంటే మా ఉద్యోగంలో ఒకటే అర్థమయ్యా. కాంట్రాక్టు ఇప్పించినందుకు చాటుగా పుచ్చుకునేది. ముడుపులు అంటాం. వార్తా పత్రికల్లో కూడా అలాగే రాస్తారు.”

“అంటె లంచమా?”

“అదే… లంచమే.”

“దేవుని మాట తీసుకపోయి లంచానికి పెట్టిన్రా! సరె, పెట్టుకోండ్రి. చెట్టు కొట్టే రంపం లంచమెట్ల తింటది సార్? ఒక్కసారన్న అనుమానం రాలేదా?”

రామమోహన్‌కూ రోషం వచ్చింది. “మరి నీకు రాలేదా? వస్తే ముఖీత్‌ని అడగొచ్చుగా!”

“వచ్చింది. కని నా చదువు ఏడో తరగతి. మీరు పెద్ద చదువు. మీరు రాసినంక తప్పెట్లయితది అనుకున్న. ఇంకో మాట చెప్పాల్నా సార్? నేను సంబురపడ్డ. పరీక్షల మా దేవుని గురించి అడిగిన్రని సంబురపడ్డ. పెన్ను కండ్లకద్దుకొని రాసిన. అది మీరు ఫొటో తీసి నవ్విన్రు.”

అంతసేపూ వింటూ ఉన్న వేదవతి బాబీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. “ఆ ఫోను ఇలా ఇవ్వు. ముత్యం రాసిన పేజీ మొత్తం ఉంటుందిగా, అది తియ్యి.”

బాబీ తీసి ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పైకి చదివింది. “ముడుపు అనగా దేవునికి మొక్కుకొని…” అక్కడ ఆగలేదు. కింది వరుసలూ చదివింది. “రంపము ముక్కు పైభాగము వెనక కొమ్మకు తగిలినందున రంపము తన్ని మా మారుతికి చెంప తెగినది. కావున ముక్కుతో కోయరాదు. రెండు చేతులతో గట్టిగా పట్టవలెను. బొటనవేలు పిడి కిందినుండి చుట్టవలెను. తల రంపమునకు ఎదురుగా పెట్టరాదు. అడ్డుబద్ద పని చేయుచున్నదో లేదో ముందే చూసుకొనవలెను…”

చదవడం ముగించి ఫోను బాబీ చేతిలో పెట్టింది. కేకలెయ్యలేదు. “జవాబంతా ఇక్కడే ఉంది కదరా. ప్రశ్న తప్పైనా జవాబు తప్పు రాయలేదు ఈ మనిషి. ముఖీత్ గారికి ఎంతవరకు చదివి చెప్పావు?”

“రెండు… మూడు లైన్లు ఆంటీ. దేవుడి గురించి రాశాడని చెప్పేశా. పేజీ నిండా అదే అనుకున్నా.”

“రెండు లైన్లు చదివావు. అవి చదివి నవ్వుకున్నావు. మిగతా పేజీ చదివుంటే ఇందాక ముక్కు పెట్టి పొడిచేవాడివి కాదు.”

బాబీ హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “తప్పయింది బాబాయ్” అన్నాడు. గుంపులోని ఫొటో అక్కడికక్కడే తీసేశాడు. ముత్యం వాడి భుజం తట్టలేదు. ‘పోనీ బిడ్డా’ అననూ లేదు. ఎవరైనా తప్పయిందంటే ‘పోనీ’ అనడం అతనికి చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ పూట ఆ మాట గొంతు దాటి రాలేదు. వాడి చేతిలోంచి రంపం మాత్రం తీసుకుని, పెట్రోలు మూత బిగించి, చెట్టు నీడన పెట్టాడు.

రామమోహన్ పక్కకు వెళ్ళి ముఖీత్‌కు ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడాడు. అవతల ముఖీత్ అరుపు ఇక్కడికి వినబడింది. “క్యా బోల్ రే సాబ్! ఆ మనిషిని నేను ఫెయిల్ చేసిననా? యా అల్లా!” రామమోహన్ ఫోను పెట్టేసి వచ్చాడు. నడుస్తూ వస్తుంటే వయసు ఒక్కసారిగా మీద పడినట్టు కనిపించింది.

“ముత్యం, తప్పు నాది. ముఖీత్‌తో మాట్లాడాను. వేదవతి చదివిన పేజీ ఇంగ్లీషు చేసి పంపితే చాలంటున్నాడు. మళ్ళీ పరీక్ష కూడా అక్కర్లేదు. రేపటికి నీ కార్డు నీ చేతిలో ఉంటుంది. నీ సంగతి నేను చూసుకుంటాను.”

కార్డు. సోమవారం నుంచి ఆ మాట తలచుకుంటే చేతుల్లో చీపురు కట్టే కనబడుతోంది. ఇప్పుడు రేపే వస్తుందంటున్నారు. ముత్యం ముసలి రేగుచెట్టు వైపు చూశాడు. కోపం తగ్గుతుందేమోనని తనకు తానే చూసుకున్నాడు. తగ్గలేదు. ఎందుకు తగ్గలేదో అప్పుడు తెలిసింది.

“రేపు శనివారం సార్. మా క్యాంపుల పదకొండు మందికి పరీక్ష. పేపరు ఏది?”

“అదే” అన్నాడు రామమోహన్.

“అండ్ల ముడుపు అని రాసే ఉన్నది.”

“ఉంది. ఇంటికి వెళ్ళగానే ఆ రెండు ప్రశ్నలూ మారుస్తాను.”

“ఆ రెండేనా? ఇంకా ఏమేం ఉన్నయో మీకు తెల్సా? నేను గుర్తుపట్టింది రెండు. నాకంటె తక్కువ చదివినోళ్ళున్నరు వాళ్ళల్ల. ఒక్కడు చదివింది మూడో తరగతి. మీరు రాసింది తప్పని వాడు అనడు. తనకే రాదనుకుంటడు. మల్ల చీపురు పట్టుకుంటడు. కోపం గూడ చెయ్యడు సార్ వాడు, నా లెక్క.”

గాలికి తుమ్మకాయలు గలగలమన్నాయి. వేదవతి సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి నీళ్ళు పోసి ముత్యం చేతికిచ్చింది. అతను తాగాడు. తాగి, గ్లాసు రాతి మీద పెట్టి, రామమోహన్ కళ్ళలోకి సూటిగా చూశాడు. నాలుగేళ్ళలో అట్లా చూడడం అదే మొదలు.

“నా మీద కనికరం వద్దు సార్. కోపం పోయిందని గూడ అనుకోకుండ్రి. ఒక్క పని చేసి పెట్టుండ్రి. ఇయ్యాల బాట పని ఆపుదాం, తుమ్మ యాడికి పోదు. మీరు నాతోని సనయ్యకు రండి. క్యాంపు గేటు కాడ చాయ్ కొట్టుంటది, అండ్ల బల్లలున్నయి. మావోళ్ళు పదకొండు మందిని పిలుస్త. ఇరవై ప్రశ్నలు ఒక్కొక్కటి సదువుండ్రి. దాన్ని మేము పని కాడ ఏమంటమో మారుతి చెప్తడు, నేను చెప్త. పెన్ను మీదే పట్టుండ్రి సార్, మీ రాత మంచిగుంటది. మాట మాత్రం మాది రాయుండ్రి.”